రంగు వేయని గోడ

మట్టల ఆదివారం. ఉదయం ఏడు గంటల పదహారు నిమిషాలు.
హాజరైనవారు: నాన్న, అక్క, సంఘ పెద్ద తాత, సున్నం తాత, నేను.
ఎండ వచ్చింది.

నా డైరీలన్నిటికీ ఇది మొదటి పేజీ. పేజీ అనకూడదేమో, ఒక అచ్చు కాగితం వెనకవైపు పెన్సిలుతో రాసిన మూడు వరుసలు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ తర్వాత డైరీ రాయని రోజు లేదు. నీటిపారుదల ఆఫీసులో వానల వివరాలు రాసే ఉద్యోగం చేసి, రిటైరై, శృంగవరపుకోటలో ఉంటున్నాను. ఇప్పటికీ తేదీ, వాతావరణం, ఇంటికి ఎవరొచ్చారన్నదీ రాశాకే పడుకుంటాను.

ఈ పాత కాగితాన్ని మళ్ళీ బయటికి తీయడానికి కారణం మొన్న ఫ్రేముల షాపులో జరిగిన సంగతి. ముందుగది గోడకున్న బొమ్మ అద్దం లోపలికి చెమ్మ చేరితే కొత్త ఫ్రేము కట్టించడానికి పట్టుకెళ్ళాను. షాపతను అద్దం విప్పి, బొమ్మను గుమ్మం దగ్గర వెలుగులోకి తిప్పి చూశాడు. పని తెలిసిన మనిషే.

“మేడమ్, ఇక్కడంతా కలరెయ్యడం మర్చిపోయేరండి. నీడలేసేరు, తలుపేసేరు, గోడ ఒదిలీసేరు. మా తమ్ముడు పెయింటింగ్ చేస్తాడు. అరగంటలో నింపించి ఇచ్చీమంటారా?”

అతని చేతిలోంచి బొమ్మ లాక్కున్నంత పని చేశాను. “వద్దు బాబూ, అదలాగే ఉండాలి” అన్నాను. అతను చిన్నబుచ్చుకున్నాడు. అతనికేం తెలుసు? అదే మాట నేను చిన్నప్పుడు ఒక సాయంత్రం ముగ్గురు పెద్దవాళ్ళ నోట విన్నాను. ఆ సాయంత్రం ఆ మాట మీద మా అక్క బతుకు ఆగి ఉంది.

మా ఊరు నౌపడ దగ్గర. ఉప్పు మళ్ళ మీంచి వచ్చే గాలికి ఇంట్లో ఇనుప వస్తువేదీ ఏడాది నిలిచేది కాదు, గోడలు పెచ్చులు పెచ్చులుగా రాలేవి. ఊరి చివర మిషను ఆస్పత్రి, దాని పక్కన పెంకుల కప్పుతో పాత చర్చి, మేం గుడి అనేవాళ్ళం. గుడికి తూర్పు ముఖంగా వరండా, వరండాకు మూడు కమానులు. ఆదివారం బెంచీల మీద కూర్చుంటే పాత కలప వాసన, గబ్బిలాల వాసన, ఆడవాళ్ళ తలల్లోని కొబ్బరినూనె వాసన కలిసి వచ్చేవి. ఆ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ గుడి కూడా ఇప్పుడు లేదు.

నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. మందు సీసా మీద మోతాదుకొక మెట్టు చొప్పున కత్తిరించిన కాగితం పట్టీ అతికించి, పై మెట్టు దాకా మందు పోసేవారు. చుక్క తగ్గినా రోగి చేతికి ఇచ్చేవారు కాదు. ఇంట్లోనూ అంతే. ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాన్ని పారేయనిచ్చేవారు కాదు. ఆస్పత్రిలో పనికిరాని కాగితాలు తెచ్చి, సూదీ దారంతో కుట్టి, వెనకవైపు రాసుకోమని నాకిచ్చేవారు.

అక్కకు పదిహేడేళ్ళు. స్కూల్లో డ్రాయింగు మాస్టారు రిటైరై తన ఊరు వెళ్ళిపోతూ రంగుల పెట్టె, నాలుగు దళసరి కాగితాలు అక్కకిచ్చారు. పట్నంలో బొమ్మల కాలేజీ ఉందని చెప్పిందీ ఆయనే. చేరాలంటే మూడు నీటిరంగు బొమ్మలు పంపాలి. పళ్ళబుట్ట ఒకటి, మనిషి ముఖం ఒకటి, ఎండలో ఉన్న పాత కట్టడం ఒకటి. మూడోది కట్టడం ఎదురుగా కూర్చుని వేయాలి. మొదటి రెండూ అయ్యాయి. బుట్టలో జీడిమామిడి పళ్ళు, ముఖం అమ్మది. ఇంక మిగిలినవి రెండు కాగితాలు.

నాన్న బుధవారం రాత్రి భోజనాల దగ్గర తేల్చి చెప్పేశారు.

“సోమవారం పొద్దుట రైలుకి పట్నం ఎల్తన్నాను. నర్సింగు ఫారం నింపీసి ఉంచినాను. మూడు బొమ్మలూ పూర్తయితే ఆ కాలేజీలో ఇస్తాను. నేదా, ఈ ఫారం ఇస్తాను. రెండూ సంచీలో పెట్టుకుని దారంతా ఊగిసలాడ్డం నా వల్ల కాదు.”

“నర్సింగు సెడ్డదేటే?” అంది అమ్మ.

“సెడ్డదని నానన్నానా?” అంది అక్క. కానీ నాకు తెలుసు. ఆ వేసవికి ముందు నెల్లాళ్ళు వార్డులో సాయానికి వెళ్ళినప్పుడు, రోగుల మంచాలకు వేలాడే జ్వరం కాగితాల మీద కిటికీ ఊచల నీడలు గీసి, పెద్ద నర్సమ్మ చేత మాటలు పడింది. ఆ నెల రోజులూ ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసేది.

శనివారం లోపల బొమ్మ అవాలి. ఆదివారం మట్టల పండగ, గుడి నిండా జనం. అంటే ఉన్నవి మూడు పొద్దులు. నాన్న తన చేతి గడియారం విప్పి నాకిచ్చారు. “ఎండ ఒక్కచోట ఉండదు. అది టైముకి ఎంత కదిలిందో రాయి. అక్కకి పనికొస్తాది.” గడియారం నా మణికట్టుకు ఆగక మోచేతి దాకా జారిపోయేది. అమ్మ దానికో గుడ్డపేలిక చుట్టింది.

గురువారం చీకటి విడుతూనే వెళ్ళాం. అమ్మ చోడి అంబలి ఇస్తే నేను రెండు గ్లాసులూ తాగేశాను, అక్క వద్దంది. ఆస్పత్రి ప్రహరీ అవతలున్న కొబ్బరిచెట్లను దాటి సూర్యుడు పైకి వచ్చేదాకా గుడి బూడిద రంగులో ఉంది. వచ్చీ రాగానే మూడు కమానుల్లోంచి ఎండ లోపలికి జారింది. లోపలి గోడ మీద మూడు ఎండ కమానులు నిలబడ్డాయి. మధ్యది సరిగ్గా తలుపు మీద. పొద్దెక్కే కొద్దీ అవి కిందికి దిగుతూ వచ్చాయి. ఇలా రాశాను:

ఆరూ యాభై రెండు, ఎండ కొన తలుపు పై కమ్మీ మీద.
ఏడూ పది, తలుపులో చెక్కిన సిలువ మీద.
ఏడూ ముప్ఫై ఒకటి, గొళ్ళెం మీద.

గొళ్ళెం దాటితే తలుపు నీడలో పడి, చూస్తున్నది వేరే గుడిలా అయిపోయేది. మొత్తం ముప్ఫై తొమ్మిది నిమిషాలు. ఆ రోజు అక్క పెన్సిలు గీతలు, పెంకులు, ఆకాశం పూర్తి చేసింది.

శుక్రవారం గోడ మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి సున్నం ఎరగని గోడ. ఆ వెనకటి క్రిస్మసుకు కూడా వేయలేదు. పాత గుడి పడగొట్టి కొత్తది కట్టాలన్నవాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ సంఘంలో మాట పట్టింపు వచ్చి, నానబెట్టిన సున్నం నానబెట్టినట్టే ఉండిపోయింది. గోడ నిండా వాన చారలు, చెమ్మ మరకలు, పొక్కులు. అక్క వాటికొక ఉపాయం కనిపెట్టింది. తడి రంగు మీద ఉప్పు గళ్ళు చల్లితే, గల్లు గల్లూ చుట్టూ ఉన్న రంగు తాగేసి, ఆరాక అచ్చం పొక్కిన గోడలాగే అయ్యేది. గుడ్డలో కట్టి తెచ్చిన ఉప్పులోంచి నేనొక గల్లు నోట్లో వేసుకుంటే చేతి మీద ఒక్కటి పడింది.

గోడ బాగా వచ్చింది. మరకకు మరక, చారకు చార. అయితే ఎండ పోయింది. అక్క పసుపు వేసింది. పోయింది. ఇంకాస్త వేసింది. తడి గుడ్డతో అద్దింది, మళ్ళీ వేసింది. మాస్టారి పెట్టెలో తెల్లరంగు లేదు. “తెలుపు కోసం వెతక్కు. ఎండ పడిన చోట కాగితాన్ని ముట్టుకోకు” అని ఆయన చెప్పారట. కళ్ళెదుట అంత గోడ ఉంటే ముట్టుకోకుండా ఎలా? ఏడూ ఇరవైకి గోడ ముద్దయింది, పాతికకు బురదయింది.

ఏడూ ముప్ఫై ఒకటికి కుంచె నీళ్ళలో పడేసి నన్ను చూసింది. “గోడొచ్చింది. ఎండేదే?”

నా దగ్గర ఉన్నది టైముల కాగితం ఒక్కటే. దారిలో అది చూసుకుంటూ నడిచాను. ముప్ఫై తొమ్మిది నిమిషాల్లో మరకలకే ఇరవై నాలుగు పోయాయి. పొరపాటు ఎక్కడుందో నాకు స్పష్టంగా కనపడింది. ఆ మరకలే లేకపోతే?

సంఘ పెద్ద తాత ఇంటి పెరట్లో జీడిమామిడి చెట్లుండేవి. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకు వెళ్ళి పళ్ళు దొంగిలించడం మా ఈడు పిల్లలందరికీ అలవాటు. ఆ పండు రసం బట్టల మీద పడితే చచ్చినా పోదు, అందుకని గౌను విప్పి కొమ్మకు తగిలించి, లోపలి షిమ్మీతోనే తినేవాళ్ళం. ఆ శుక్రవారం తాత నిద్రపోలేదు.

“ఎవర్తివే అది? దిగు కిందకి. కాంపౌండరు కూతురివి, నీకిదేటి రోగమే?”

ఆయన రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. గొంతు రెండు ఫర్లాంగులు వినపడుతుంది. తప్పించుకోవడానికి నోటికొచ్చింది చెప్పాను.

“తాతా, మా అక్క మన గుడి బొమ్మేస్తన్నాది. అది పట్నం ఎల్తాది. అక్కడ పెద్దపెద్దోళ్ళు సూస్తారంట.”

ఆయన చేతికర్ర కిందికి దిగింది. “మన గుడా? ఆ మరకల్తోనా?”

“ఆ మరకలకే టైమైపోతన్నాది తాతా. ఇరవై నాలుగు నిముషాలు. నాను రాసినాను, సూడు.”

కాగితం తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు లేకుండానే కాసేపు చూసి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“ఫొటోకి కూకున్నప్పుడు మొకానికి పౌడరు రాసుకోమేటి? దేవుడి గుడిని మొకం కడక్కండా పట్నం పంపిస్తామా? పద.”

ఆయన అన్నది నిజమే. ఫొటోల మనిషి మా ఊరొస్తే ముందు పౌడరు డబ్బా బయటికి వచ్చేది. ముఖం, మెడ, చెవుల వెనక కూడా రాసేవారు. నా చిన్నప్పటి ఫొటోలో మేమంతా పిండి మరలోంచి వచ్చినట్టుంటాం. బొమ్మంటే తెల్లగా, శుభ్రంగా దిగాలి. ఆ సంగతి ఊళ్ళో అడగాల్సిన పని లేదు.

ఊళ్ళో గోడలకు సున్నాలు వేసే సున్నం తాత ఇంటి వెనక క్రిస్మసు నాటి గుల్ల సున్నం కుండల్లో అలాగే ఉంది. సన్నటి మనిషి, వేళ్ళ చివర్లు సున్నానికి తెల్లగా కాలి ఉండేవి. కబురు వినగానే కొబ్బరిపీచు కుంచె నీళ్ళలో నానేశాడు. గుడి ముందువైపు ఒక్కటే వేయాలని, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి పొద్దు గూకేలోగా రెండు పూతలు ముగించాడు. కొత్తది కట్టాలన్నవాళ్ళు కూడా బొమ్మ మాట విని ఏమీ అనలేదు. నీలిమందు పొట్లం విప్పి సున్నంలో కలిపింది నేనే. చల్లటి సున్నం వాసన ముక్కులోకి ఎక్కితే తుమ్ములొచ్చాయి.

“అక్కకి సెప్పకు” అన్నాడు పెద్ద తాత. “పొద్దున్నొచ్చి సూసి నోరెల్లబెట్టాల.”

నేను చెప్పలేదు. నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు, అంత సంతోషం.

శనివారం. గబగబా నడిచింది అక్క. చంకలో అట్ట, దాని మీద ఆఖరి కాగితం. మలుపు తిరిగి ఆగిపోయింది. ఇంకా వెలుగు పూర్తిగా రాలేదు. ఆ మసకలో గుడి ముందుభాగం ఒక్కటే తెల్లగా నిలబడి ఉంది. తాతలిద్దరూ అప్పటికే వచ్చి వేపపుల్లలు నములుతున్నారు.

“ఏటమ్మా? పెళ్ళికూతురిలాగున్నాది కదా!” అన్నాడు సున్నం తాత.

అక్క గోడ దాకా వెళ్ళి చేత్తో ముట్టుకుంది. అరచేయి తెల్లగా అయింది. వెనక్కి వచ్చి, మెల్లగా, వాళ్ళకు వినపడకుండా నన్నడిగింది. “ఎవరు సెప్పేరు?”

“నానే. మరకలకి ఇరవై నాలుగు నిముషాలు...”

నా చేతిలో కాగితాల పుస్తకం లాక్కుని ఇసకలోకి విసిరేసింది. “నువ్వు నాకు నర్సు టోపీ పెట్టీసినావే.”

కొట్టినా బావుండేది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆ గోడను రెండు పొద్దులు చూసి చూసి ఎక్కడ ఏ చార ఉందో ఆమె కంఠతా పట్టింది. ఇప్పుడక్కడ ఏమీ లేదు. చూసి వేయాల్సిన బొమ్మను తలుచుకుని వేయకూడదు, అది కాలేజీవాళ్ళ షరతు. ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాను. అట్ట ముందు పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చుంది. కొబ్బరాకుల చివర్లు ఎర్రబడ్డాయి.

సూర్యుడు వచ్చాడు.

ఆ క్షణంలో మేం నలుగురం కళ్ళు చికిలించాం. తడి పూర్తిగా ఆరని కొత్త సున్నం మీద ఎండ పడేసరికి చూపు నిలవలేదు. అక్క తల దించుకుంది. ఎదురుగా మోకాళ్ళ దగ్గర అట్ట మీద ఖాళీ కాగితం ఉంది. దాని మీదా ఎండ పడుతోంది. తలెత్తి గోడను చూసింది. మళ్ళీ కాగితాన్ని చూసింది. అలా మూడుసార్లు చూడడం నేను లెక్కపెట్టాను.

“టైము సెప్పు” అంది.

“ఆరూ యాభై ఆరు.”

అట్ట ఒళ్ళోకి లాక్కుంది. పెన్సిలుతో నాలుగంటే నాలుగు గీతలు. కుంచె నిండా నీలం, దానికి కాస్త ఎరుపు కలిపి, చూరు కింది నీడను ఒక్క పోటున అటు చివర నుంచి ఇటు చివరకు లాగేసింది. కమానుల లోపలి నీడలు. తలుపు పచ్చ. పెంకుల ఎరుపు. గోడ మీద ఊగుతున్న కొబ్బరాకు నీడను చూస్తూ చూస్తూ ఉండి, అది ఒక్క నిమిషం ఆగినప్పుడు, పది పన్నెండు విసుర్లలో దించేసింది. ఊపిరి బిగబట్టినట్టుంది. నేను మాత్రం వేళ చెబుతూ పోయాను. ఏడూ నాలుగు. ఏడూ పది. ఏడూ పదిహేను. ఉప్పు మూట విప్పలేదు. నిన్న ముప్ఫైసార్లు రుద్దిన చోట ఇవాళ ఒక్కసారీ కుంచె ఆనలేదు.

ఏడూ ఇరవై రెండుకు కుంచె కడిగేసింది.

“ఇంకా తొమ్మిది నిముషాలున్నాది” అన్నాను.

“అయిందే.”

తాతలు వంగి చూశారు. వేపపుల్ల తీసి పెద్ద తాత అడిగాడు. “బాగున్నాది. గోడకెప్పుడేస్తావమ్మా?”

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆ బొమ్మను కిటికీ దగ్గర పెట్టుకుని చూశారు. తాతలిద్దరూ కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సున్నం తాత ముఖం చిన్నబోయి ఉంది.

“నా సున్నమేదమ్మా? పెంకులేసినావు, నీడేసినావు, తలుపేసినావు. నానేసిన గోడ ఒదిలీసినావు. నా మీద కోపమేటి?”

“ఒదల్నేదు తాతా. అదే గోడ.”

“అది కాయితం కదమ్మా” అన్నాడు పెద్ద తాత.

నాన్న కళ్ళజోడు సవరించుకున్నారు. సీసాను వెలుగుకెత్తి గీత దాకా మందుందో లేదో చూసేటప్పటి ముఖం అది. “ఇది పూర్తవ్వలేదమ్మీ. సగం ఖాళీగా ఉన్నాది. ఇలాటిది పట్టుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టను?”

“పూర్తయింది నాన్నా.”

“గోడేది?”

అక్క ఖాళీగా ఉన్న చోటే వేలితో చూపించింది. చేయడం వచ్చింది గానీ, ఎందుకలా చేసిందో చెప్పడం ఆమెకూ అప్పటికి రాదు. లోపలి నుంచి అమ్మ వచ్చి గొంతు తగ్గించి అంది. “పోనీ పల్చగా ఒక పూత పసుపేసీవే. నాన్న మాటా ఉంటాది, నీ బొమ్మా ఎల్తాది. నిలబడిపోతావేటి అలగ?”

అక్క రంగుల పెట్టె తెచ్చింది. పసుపు తడిపింది. కుంచె ముంచి బొమ్మ మీదికి తెచ్చి ఆపింది. కుంచె చివర చుక్క ఊరుతూ పెద్దదవుతోంది. అది రాలితే ఇంక తుడవడానికి లేదు. రెండో కాగితం లేదు. వంటింట్లో ఎండుచేపల పులుసు ఉడుకుతున్న చప్పుడు వినపడుతోంది. అక్క చెయ్యి వెనక్కి తీసింది. కుంచెను నీళ్ళలో ముంచి, గౌనుకు తుడుచుకుని, పెట్టె మూసేసింది.

“నర్సింగు ఫారమే పట్టుకెళ్ళండి నాన్నా. సంతకం పెడతాను. ఇది మాత్రం ముట్టుకోను.”

నాన్న ఫారం తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు నేను అడ్డం వెళ్ళాను. జరిగిందంతా నా వల్లేనన్న భయం పొద్దున్నించీ ఉంది.

“నాన్నా, రేపు ఏడూ పదికి గుడి కాడికి రండి. మీ వాచీ టైమే. ఎండ సిలువ మీదకొస్తాది. మూడ్రోజులూ ఒక్క టైమే, నాను రాసినాను. అప్పుడు బొమ్మ పక్కన పెట్టి సూడండి. గీత దాకా ఉన్నాదో నేదో.”

ఇసక దులిపిన పుస్తకం ఆయన ముందు పెట్టాను. నాన్న మూడు రోజుల వరసలూ వేలు పెట్టి చదివారు. రాసిన లెక్కను చూడకుండా తోసిపుచ్చడం ఆయనకు చేతకాదు.

“సరే” అన్నారు. “సంతకం సూసినాక.”

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన పనుల్లో తప్పేదో ఒప్పేదో విడదీయలేను. మరకలు పోతే పని తగ్గుతుందనుకున్నాను, అక్కను నిలువునా ముంచాను. ఆ సున్నమే లేకపోతే ఆమె కుంచె ఆ గోడను ముట్టకుండా ఆగేది కాదేమో కూడా. అక్కనెప్పుడడిగినా నవ్వేస్తుంది. “నీ టైముల కాయితం ఇసకలో పడిందన్న కోపమింకా పోలేదేటే నీకు?” అంటుంది. ఆమెకిప్పుడు కళ్ళ ఆపరేషనైంది. గుడి పడగొట్టి ఎన్నో ఏళ్ళైంది, తాతలు లేరు, నాన్న లేరు. బొమ్మ సోమవారం ఏమైంది, అక్క ఎక్కడికి వెళ్ళింది, ఏం చదివింది అన్నవన్నీ తర్వాతి డైరీల్లో వరసగా ఉన్నాయి. ఈ కాగితం మీద ఉన్నది ఆ మర్నాటి పొద్దున్న ఒక్కటే.

ఆదివారం తెల్లవారేసరికి మబ్బు.

గుడి గుమ్మాలకు పిల్లలు అప్పటికే కొబ్బరి మట్టలు కట్టి వెళ్ళారు. పచ్చి మట్టల వాసన, ఆరిన సున్నం వాసన. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని వచ్చారు. అక్క అట్టను గుండెకానించుకుని నిలబడింది. తాతలిద్దరూ ఓ పక్కన. గడియారం నా చేతికే ఉంది.

ఆరూ యాభై రెండు. గోడ బూడిద రంగు. ఏడు. ఏడూ ఐదు. ఏడూ పది. సిలువ మీద ఏమీ లేదు. నాన్న నా వంక చూశారు. “వస్తాది” అన్నాను. ఏడూ పన్నెండు. “ఇవాళ రాదేమోనే గుంటా” అన్నాడు పెద్ద తాత, మెల్లగా. అక్క పెదవి కొరుక్కుంటోంది. ఏడూ పధ్నాలుగు. నాన్న చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

ఏడూ పదిహేనుకు మబ్బు చిరిగింది.

గోడ ఒక్కసారిగా వెలిగింది. లోపల మూడు ఎండ కమానులు, మధ్యదాని కొన సిలువకు బెత్తెడు కింద, అయిదు నిమిషాలకు ఎంత దిగాలో అంతే దిగి. నాన్న తల పక్కకు తిప్పుకుని, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అలాగే కొంతసేపు గోడను చూశారు. తర్వాత చెయ్యి దించి, “ఏదీ, ఇలా తే” అన్నారు.

అక్క బొమ్మను ఆయన ఎదురుగా పట్టుకుంది.

నాన్న చూశారు. చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి మళ్ళీ కనుబొమల మీదికి లేచింది. గోడకు పెట్టుకున్నట్టే, కాగితానికీ అడ్డం పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయన గమనించలేదు. మేం నలుగురం గమనించాం. సున్నం తాత పెద్ద తాతను మోచేత్తో పొడిచాడు. “సూడు. నా సున్నమే” అన్నాడు.

నాన్న చెయ్యి దించి, జేబులోంచి ఫారం తీశారు. మడతలు విప్పారు. అక్క ముఖం పాలిపోయింది. ఆయన ఫారాన్ని అక్కకు ఇవ్వలేదు. వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టారు.

“ఒక పక్క ఖాళీగానే ఉన్నాది” అన్నారు. “టైము రాయి.”